బాపు గీత కత్తి

బాపూ,
హైదరాబాద్‌లో నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక కార్డు రాస్తున్నాను. నువ్వు కల్లు గీసే గీత కత్తిని అమ్మ పాతసామాన్లకు వెయ్యలేదు. దసరాకు వచ్చినప్పుడు దూలం సందులోంచి నేనే తీసుకొచ్చాను. అప్పుడు నువ్వు మస్కట్‌లో ఉన్నావు, ఇక చెట్లెక్కవనుకున్నాను.

కాలేజీలో పోటీకి చిన్న కొట్లాట రోబో చేశాం. దాని ముందు గిర్రున తిరిగే రేకు మొదటి ఆటలోనే వంగిపోయింది. ఆ చోట నీ కత్తిని కోసి బిగించాను. మెత్తటి తాటి గెలను చెక్కే పదును కదా, ఎదుటి రోబో ఇనుముకు తగలగానే రెండు ముక్కలైంది.

నువ్వు మస్కట్ నుంచి తిరిగొచ్చాక, పోయిన ఆదివారం నేను ఫోన్‌లో ఉండగానే "మల్ల చెట్లెక్కుదమంటే కత్తి లేకపాయె. పాతసామాన్లోనికి ఏసినవా?" అని అమ్మ మీద అరిచావు. "నాకెర్కలేదయ్యా" అని అమ్మ ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేశాను.

పిడి నా దగ్గర భద్రంగా ఉంది. కోరుట్లలో కొత్త కత్తి కొట్టించేటప్పుడు దానికే వేయించు. చెట్టెక్కే మోకు పాతబడింది, చూసుకోకుండా ఎక్కకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇద్దరికీ దండాలు.

అమ్మకు చదువు రాదు కదా. ఈ కార్డు నువ్వే పైకి చదివి వినిపించు.

నీ బిడ్డ,
అఖిల