నేను నీలిరంగు వేసిన పల్లం

బాబాయికి,

"మా అమ్మాయి సంతకమున్న పటం, అక్కడి స్థలాలు కళ్ళు మూసుకుని కొనొచ్చు" అని అందరికీ చెబుతున్నారట. ముందు కళ్ళు తెరిచి ఇది చదవండి. వానాకాలంలో సర్వేకి వెళ్ళి, ఆ స్థలాలున్న పల్లంలో నడుంలోతు నీళ్ళలో నిలబడి కొలిచాను. అది వాననీరు నిలిచే చోటని పటంలో నీలిరంగు వేశాను. మా ఆఫీసరు నడివేసవిలో కారు దిగకుండానే చూసి, "చుక్క నీరేదమ్మా? ఇక్కడ పడవ గానీ నడుపుతావా ఏంటి?" అన్నాడు. మర్నాటికల్లా నీలం పోయి, ఇళ్ళకు వాడే పసుపు వచ్చింది. కింద నా సంతకం మాత్రం అలాగే ఉంచారు! తీసెయ్యమని రాసిచ్చాను, ఉద్యోగం ఊడితే ఊడనీ. మీరక్కడ పునాది తవ్వకండి. మీ మాట నమ్మి కొంటున్నవాళ్ళకు ఈ ఉత్తరం మీ నోటితోనే చదివి వినిపించండి.

మీ అన్నగారమ్మాయి