అరచేతంత రబ్బరు

హుస్నా,

బండి బయటికి తీయకు. నేను మంచిర్యాలకు బస్సులో వెళ్తున్నాను. పదింటికి మెకానిక్ ఇర్షాద్ వస్తాడు. అతనితో దుకాణానికి వెళ్లి వెనుక టైరు నీవే ఎంచుకో. గాడులు లోతుగా ఉండాలి. పక్కన అచ్చువేసిన తయారీ సంవత్సరం చూడు, మెరుపు చూడకు.

"మీ పుస్తకాలు వానల బ్రేకేస్తయా? జర టైరు మార్చుండ్రి" అని నెల కింద, నేను చదువుకుంటుంటే అన్నావు. నేను నవ్వాను. ఈ ఉదయం బండి తుడుస్తుంటే రబ్బరు అరిగి లోపలి దారాలు కనిపించాయి. నిన్న వానలో ఇచ్చోడ నుండి పాపతో సహా ముగ్గురం దాని మీదే వచ్చాం. ఏ క్షణమైనా నేలను తాకేది అరచేతంత రబ్బరేనని ఇర్షాద్ ఫోన్‌లో చెప్పాడు. మన ముగ్గురినీ అంత చిన్న చోటు మోసిందా అని ఎంతసేపో దాని ముందే కూర్చున్నాను.

జియావుల్లా

నిన్న దారంతా నా భుజం మీదున్న నీ చేయి కూడా అంతే.