మా హాల్లో మరొక్కసారి చప్పట్లు కొట్టించండి

పాత వీధుల ఇళ్ల రిజిస్ట్రారు గారి సముఖమునకు పరుపుల దుకాణం కుర్రవాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇంటి మోత రెండుసార్లు తప్పుగా నమోదైనందున మూడోసారి కొలిపించమని కోరుట. చాలా అర్జెంటు.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడిని కావున తప్పులుంటే మన్నించగలరు. లేకపోతే అవి మా ఆవిడ దిద్దిందని గ్రహించగలరు.

1. తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఇల్లు కొంటున్నాను సార్! ఈ ఒక్క ముక్క రాయడానికి సంతోషంతో రెండు కాగితాలు పాడుచేశాను. పూర్వం విద్వాంసులు కాపురమున్న వీధిలో పాటల టీచరమ్మ గారి ఇల్లు. వీధంతా ఆవిడని పిన్నిగారంటుంది, నేనూ అంతే. కింద హాలు, వెనక వంటగది, పైన ఎండ తగిలే గది.

2. ప్రస్తుతం మేము దుకాణం వెనక దూది బస్తాల మధ్య ఉంటున్నాము. మా ఆవిడకు ఈ నెల ఇరవై నాలుగున కాన్పు అన్నారు. "ఈ దూది దుమ్ములోకి పసిబిడ్డను తెచ్చారో, నేనే వచ్చి తిడతాను" అని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఇంటి అగ్రిమెంటు గడువు ఇరవై ఒకటి. ఆ మర్నాడు పిన్నిగారు తన చెల్లెలి ఊరికి వెళ్లిపోతారు. సెల్‌ఫోన్ కవర్ల గోడౌన్ కోసం ఇంకొకాయన అప్పుడే గుమ్మం కొలుచుకుని పోయాడు.

3. ఆ వీధిలో ఇల్లు చేతులు మారాలంటే గోడలు కొలిస్తే చాలదు, హాలు మోత కూడా కొలవాలనేది తమ ఆఫీసు రూలు. తమ ఉద్యోగి గారు వచ్చి ఒక్కసారి చప్పట్లు కొట్టి, మోత ఆగేదాకా లెక్కపెడతారు. పాత దస్తావేజులో ఎన్ని లెక్కలుంటే అన్నే రావాలి. పిన్నిగారి హాలుకి రెండు లెక్కలని ఉంది. ఇంతవరకు రూలు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

4. ఫిర్యాదు నా మీదే. అడ్వాన్సు ఇచ్చిన రోజు ఒళ్లు తెలియని ఆనందంలో పిన్నిగారి పియానో, పుస్తకాల బీరువాలు, తివాచీలు, ఆఖరికి కర్టెన్లు కూడా మోసి పై గదిలో పెట్టేశాను. సాయం చేస్తున్నాననుకున్నాను. మర్నాడు చప్పట్ల సారు వచ్చి (వీధిలో ఆయన్ని అలాగే పిలుస్తారు, క్షమించాలి) కొట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు!

"ఇది ఆ ఇల్లు కాదయ్యా" అన్నారు.

"మరి ఏ ఇల్లండీ?"

"నాకేం తెలుసు? మధ్యలో గోడేదో పీకేసుంటారు."

"గోడ పీకితే కప్పు నా నెత్తి మీద ఉండేది నాయనా, వెళ్లి రాసుకో" అని పిన్నిగారు. ఆయన నిజంగానే రాసుకున్నారు.

5. రెండోసారి నేను జాగ్రత్తపడ్డాను. మోతను మింగడంలో పరుపుని మించింది లేదని నా వృత్తిరీత్యా తెలుసు. ఇరవై రెండు పరుపులు తెచ్చి గోడల వెంట నిలబెట్టాను. చప్పట్ల సారు కొట్టారు. ఏమీ లేదు. చేతులు చూసుకుని, "కొట్టానా?" అని నన్నడిగారు. మళ్లీ కొట్టారు. తర్వాత ఒక పరుపు మీద కూర్చుని, నడుం నొప్పికి ఏది మంచిదో కనుక్కుని, నా చెయ్యి పట్టుకుని లేచి, "మోత: శూన్యం" అని రాసి వెళ్లారు.

మా ఆవిడ అన్న మాట యథాతథముగా: "ఇల్లు కొనమన్నాను గానీ, ఇంటికి దుప్పటి కప్పమన్లేదు."

6. నిన్న పిన్నిగారికి అసలు సంగతి గుర్తొచ్చింది. ఇల్లు ఆవిడ పేరున రాసినప్పుడు పాత చప్పట్లాయన వచ్చేసరికి హాల్లో పాఠం నడుస్తోందట. "పదకొండు మంది పిల్లలు కూర్చునే ఉన్నారురా. ఆయన లెమ్మనలేదు, వీళ్లు లేవలేదు." అనగా ఆ రెండు లెక్కలు ఖాళీ హాలువి కావు, మనుషులున్న హాలువి.

కావున పరుపులు దుకాణానికి మోసుకుపోయి, పియానో, బీరువాలు, తివాచీలు, కర్టెన్లు యథాస్థానములకు చేర్చాను. పాత శిష్యుల్లో నలుగురు దొరికారు. మా అత్తయ్య, పక్కింటి గడియారాల మేస్త్రీ, ఆయన ముగ్గురు కూతుళ్లు, నేను, పిన్నిగారు, మొత్తం పదకొండు. పిల్లలు అప్పటికంటే లావయ్యారు గనక ఒకరిద్దరిని తగ్గించమన్నా తగ్గిస్తాను. రేపు ఉదయం పదింటికి చప్పట్ల సారుని పంపించి కొలిపించవలసినదిగా వేడుకొనుచున్నాను. దీనిని చిత్తగించవలెను, వీలైతే కాఫీ చల్లారకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పరుపులవాడు

తా.క.: సంతకం పెడుతుంటే అత్తయ్య వచ్చి "అర్జీ తర్వాత రాద్దువు, ముందు ఆటో పిలు బాబూ" అంది. ఆస్పత్రికి పోతున్నాం సార్, వారం ముందే! రేపు నేనూ అత్తయ్యా ఉండం, తాళం పిన్నిగారే తీస్తారు, ఆవిడతో కలిపి తొమ్మిది మంది కూర్చుంటారు. రేపు కుదరకపోతే ఇరవయ్యో తేదీన పంపండి. "నేనున్నన్నాళ్లూ నా ఇల్లే కదా, బిడ్డను తిన్నగా ఇక్కడికే తీసుకురండి" అన్నారు పిన్నిగారు. అప్పుడైతే చప్పట్లు కూడా అక్కర్లేదు. బిడ్డ ఏడుస్తుంది, సారు లెక్కపెట్టుకోవచ్చు. రెండు లెక్కలకి ఆగకపోతే మాత్రం అది ఇంటి తప్పుగా రాయొద్దనండి.