మావయ్యకు ఫిట్స్ లేవు

జి.మాడుగుల

ఉమా, మావయ్య దీవెనలు.

ఫోన్ టవరు పడిపోయింది, బస్సు కండక్టరుతో ఈ ఉత్తరం పంపుతున్నాను. విశాఖలో మందుల కొట్టులో కూర్చుని ఏటమ్మా నువ్వు చేసే పని? షుగరు వల్ల అరికాళ్లు మిరపకాయలు తొక్కినట్టు మండుతున్నాయని మీ డాక్టరుకి చూపించుకుంటే, మాత్రలిచ్చి పంపావు. ఇక్కడి మెడికల్ షాపు భాను వాటిని చూసి "ఇవి ఫిట్సు మాత్రలు గదా బాబూ" అన్నాడు. మన వంశంలో ఎవరికుంది ఫిట్సు? సంతలో కాటా పెట్టి, రోజంతా నిలబడి రైతుల దగ్గర పసుపు కొనేవాణ్ణి నేను! మాత్రలు గూట్లో పడేశాను.

మీ మావయ్య, సర్వేశ్వరరావు

తా.క.: ఫిట్సు మాట విని మీ అత్త తవిటమ్మ నా స్కూటర్ దాచేసింది. ఎక్కడుందో నాకు తప్ప ఊరంతటికీ తెలుసు.

విశాఖపట్నం

మావయ్యకు నమస్కారం.

భాను చెప్పింది సగమే. ఆ మాత్ర ఫిట్సుకీ ఇస్తారు, నరాల నొప్పికీ ఇస్తారు. షుగరుతో దెబ్బతిన్న నరాలు ఊరికే మంటా మంటా అని అరుస్తుంటాయి. ఈ మాత్ర వాటి నోరు మూయిస్తుంది. రాత్రి పడుకునే ముందు వేసుకో. మొదట్లో మత్తుగా ఉంటుంది, స్కూటర్ జోలికి పోకు.

నీ మేనకోడలు, ఉమామహేశ్వరి

తా.క.: స్కూటర్ ఎక్కడుందో బస్సు కండక్టరు నాకూ చెప్పాడు. నీకు మాత్రం చెప్పను.

జి.మాడుగుల

ఉమకు,

నీ మాట విని పరువు పోగొట్టుకున్నాను. సంతలో కాటా పక్కన బస్తా మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే కునికాను. తల వాలిందో లేదో, మీ అత్త "ఓలమ్మో, మా ఆయనకి ఫిట్సొచ్చేసింది! సేతిలో ఇనుం పెట్టాల, బేగి తాళాలు తేండి!" అని కేకేసింది. సంత సంతంతా తాళాల గుత్తులతో నా మీద పడింది. "నిద్దరర్రా!" అన్నాను. "ఫిట్సొచ్చినోలందరూ అలాగే అంతారు" అంది కూరలమ్మే కనక. పసుపు రైతులు పక్క కాటాకి వెళ్లిపోయారు. ఇలాగైతే నా పసుపు కొట్టు మూతే! ఇక ఆ మాత్ర ముట్టుకోను.

మండిపోతున్న మావయ్య

తా.క.: అరికాళ్ల మంట మాత్రం సగం తగ్గింది. నీకు చెప్పకూడదనుకున్నాను.

విశాఖపట్నం

మావయ్యా,

ఉన్నపళంగా మానేయకూడదు. డాక్టరుగారు మోతాదు తగ్గించి రాశారు, కొత్త చీటీ పంపుతున్నాను. నా మీద నమ్మకముంచి వేసుకో.

ఉమ

తా.క.: నిజంగా ఫిట్స్ వచ్చినా తాళాలతో పని లేదని అత్తకు చెప్పు. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

జి.మాడుగుల

తల్లీ ఉమా,

గెలిచావు. నిన్న సంతలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాను. కునుకూ లేదు, మంటా లేదు. రైతులంతా తిరిగొచ్చారు. ఇంటికెళ్లి ఆ మాటే గొప్పగా చెబుతుంటే, మీ అత్త కాళ్లు చాపి "నాకూ రెండేళ్లుగా ఇలాగే మండుతన్నాయి" అంది. ఎందుకు చెప్పలేదే అంటే "ఇద్దరం కూకుండిపోతే కొట్టెవలు తీత్తారు?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. రేపు మొదటి బస్సుకి తీసుకొస్తున్నాను. నా మాత్ర ఇవ్వలేదులే, ముందు డాక్టరుకి చూపించు.

మీ మావయ్య

తా.క.: ఈసారి చీటీ మీద మందు దేనికో తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించు. కొట్టు ముందు అంటిస్తాను.