మంచు మీద కుప్పం రాయి

12 జనవరి 2009, సోమవారం

మా గ్రానైట్ షెడ్డుకు వింత ఆర్డర్ వచ్చింది. సమాధి రాళ్ళు కాదు, కిచెన్ స్లాబులు కాదు. గుండ్రటి రాళ్ళు పదహారు. ఒక్కొక్కటి ఇరవై కిలోలకు కాస్త తక్కువ. పైన పట్టుకోడానికి హ్యాండిల్. బెంగళూరులో పనిచేసే ఫారిన్ ఇంజనీర్లు అడిగారట. ఆడుకోడానికి!

మా ఓనర్ అలావుద్దీన్ సాబ్ మూడుసార్లు చెప్పినా ఎవరం నమ్మలేదు. అంత బరువుతో ఆడేది ఆంజనేయస్వామి ఒక్కడే అన్నాడు రెడ్డెప్పన్న.

రెడ్డెప్పన్న మిషన్ మీద రాయిని తిప్పి రూపం తెస్తాడు. నేను పాలిష్ చేస్తాను. తొమ్మిదేళ్ళుగా ఇంతే. రాయి బాగుంటే అది ఆయన పనితనం. మచ్చ కనబడితే అది నా పాలిష్.

19 జనవరి, సోమవారం

సాబ్ కూతురు జువేరియా ఇంజనీరింగ్ చదువుతోంది. అన్నాలయ్యాక ఆఫీసు కంప్యూటర్లో ఆ ఆట వీడియో పెట్టింది. కర్లింగ్ అట.

పొడుగాటి మంచు నేల. ఒకావిడ ఒంటి మోకాలి మీద జారుకుంటూ వచ్చి రాయిని వదిలింది. విసరలేదు, తొయ్యలేదు. వదిలింది, అంతే. రాయి బయల్దేరింది. దాని ముందు ఒక మగాయన బ్రష్షుతో మంచును గబగబా రుద్దుతూ పోతున్నాడు. రుద్దితే రాయి ఇంకాస్త దూరం పోతుందట. చివర్లో అది మెల్లగా వంపు తిరిగి, రంగు వలయాల నడుమకు వచ్చి, ఆగింది. ఎవరో చేత్తో పెట్టినట్టు.

ఒక ఆడ, ఒక మగ. ఇద్దరే టీం. పోయిన ఏడాది ఫిన్లాండ్‌లో దీనికి ప్రపంచ పోటీలే మొదలయ్యాయని చెప్పింది జువేరియా.

రెడ్డెప్పన్న మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ. నాలుగోసారి తనలో తాను అన్నాడు: "ముప్పై ఏండ్లు మోసినా. ఇది నడస్తాదని ఎవురూ సెప్పలేదే."

28 జనవరి

రాయి అడుగున గిన్నె అంచు లాంటి సన్నటి వలయం. మొత్తం రాయి దాని మీదే నడవాలి. నా వేళ్ళకు చర్మం మిగల్లేదు.

17 ఫిబ్రవరి, మంగళవారం

రాళ్ళు చూసుకోడానికి ఫారిన్ వాళ్ళు వచ్చారు. వాళ్ళలో రీట్టా అని ఫిన్లాండ్ ఆవిడ. తలుపుకు తల తగిలేంత ఎత్తు. నేల మీద కూర్చుని, ఒక రాయిని పక్కకు వంచి, కళ్ళు మూసుకుని అడుగున నిమిరింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వేలి కొసలు చూసింది.

మార్చి పదిహేనున బెంగళూరులో స్కేటింగ్ కోసం కట్టిన ఐసు నేల మీద పోటీ పెట్టుకున్నారట. కెనడా జంట, స్వీడన్ జంట, ఫిన్లాండ్ జంట. నాలుగో జంట దొరకలేదు. రాళ్ళు చేసినవాళ్ళే ఇండియా తరఫున ఆడాలట.

మగవాడిగా రెడ్డెప్పన్న పేరు చెప్పాడు సాబ్. ఆడవాళ్ళం షెడ్డులో ఇద్దరమే. పూలమ్మవ్వకు అరవై దాటాయి. అందరూ ఆలోచిస్తుండగా నేను పోతానన్నాను. నేనే అన్నానా?

18 ఫిబ్రవరి

ఇంట్లో మా ఆయన దినేష్ మొదట నవ్వాడు. తర్వాత, వీధిలో అడిగితే ఏం చెప్పాలన్నాడు. సాబ్, జువేరియా కూడా వస్తున్నారన్నాను. పోయి పాల వ్యాను కడిగాడు. చివరికి, పోయి ఆ బెంగళూరోళ్ళకు మన రాయి సంగతి చూపించి రా అన్నాడు.

రెడ్డెప్పన్నతోనే చిక్కు. రాళ్ళన్నీ తాను వదులుతాడట, నేను రుద్దాలట. కుదరదు, ఇద్దరూ వదలాలి, ఒకరు వదిలితే ఇంకొకరు రుద్దాలి, అదే రూల్ అంది జువేరియా. "ఆడమనిషి రాయి ఇడిస్తే నేను సీపురు పట్టుకోని ఉరకాల్నా?" అని లేచి పోయాడు.

22 ఫిబ్రవరి, ఆదివారం

షెడ్డు వెనక పాలిష్ పెట్టిన స్లాబులు వరసగా పరిచి, నీళ్ళు కొట్టాము. ఇదే మా మంచు. నా మొదటి రాయి గోడకు పోయింది. రెండోది గడప దగ్గరే ఆగింది. రెడ్డెప్పన్న దూరంగా బీడీ కాలుస్తూ చూస్తున్నాడు.

పదోదో పదకొండోదో, తిన్నగా బయల్దేరింది. సగం దూరంలో నీరసపడింది. ఆయన బీడీ పారేశాడు. బ్రష్షు లాక్కుని, రాయికి ముందు వంగి, నీళ్ళు చిమ్ముతూ ఉరికాడు. "రా, రా, రా" అని దూడను పిలిచినట్టు పిలిచాడు. రాయి వచ్చింది.

14 మార్చి

అక్క మదనపల్లె నుంచి స్వెటర్ పంపింది. బయట ఎండ మండిపోతోంది. దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను.

15 మార్చి, ఆదివారం. సాయంత్రం 6, రైల్లో

మరిచిపోకముందే రాసెయ్యాలి.

అంతకుముందు ఐసును సోడా బండి దగ్గర చూడటమే. ఇది ఇల్లంత, వీధంత ఐసు. పైన దీపాలు, ఐసులో కింద కూడా దీపాలు. అడుగు పెట్టగానే పడ్డాను. రెడ్డెప్పన్న నవ్వాడు, ఆయనా పడ్డాడు. మా పదహారు రాళ్ళూ ఒక వారగా ఉన్నాయి. సగానికి ఎర్ర హ్యాండిల్, సగానికి పసుపు. షెడ్డులో దుమ్ములో చూసిన రాళ్ళేనా ఇవి?

మొదటిది వదిలాను. చప్పుడు! రాయి లోపలి నుంచి వచ్చే సన్నటి గుర్రు. స్లాబు మీద అది వినబడలేదు. నేను అక్కడే కూర్చుండిపోయాను. కెనడా వాళ్ళు మమ్మల్ని ఓడించారు, నాకు బాధే తెలియలేదు.

స్వీడన్ మీద కూడా ఓడాము. అప్పుడు మావి పసుపువి. ఆ ఆటలో నాలుగో నంబరు రాయి చివర్లో ఎడమకు గుంజింది. రెండోసారీ అంతే. తిప్పి బొటనవేలుతో నిమిరాను. అడుగు వలయం మీద ఒకచోట వెంట్రుక మందం పల్లం. కంటికి కనబడదు. మిషన్ మీదే పడింది, నా పాలిష్‌లో కాదు. రెడ్డెప్పన్న చెవిలో చెప్పాను. నోరు మూసుకోమన్నాడు. షెడ్డు పేరు పోతుందన్నాడు.

మూసుకున్నాను.

చివరి ఆట ఫిన్లాండ్‌తో. ఏమయిందో, రాళ్ళు మా మాట విన్నాయి. రెడ్డెప్పన్న చెమటలు కారుతూ రుద్దాడు, ఆ చలిలో. ఇంకొక్క రాయి మిగిలింది, అది రీట్టాది. నడుమకు దగ్గరగా ఉన్నది మా రాయి, అట్లాగే ఉంటే గెలుపు మాదే. ఆమె వంగి పసుపు రాయి తీసుకుంది. నాలుగో నంబరు.

చక్కగా వదిలింది. వచ్చింది, వచ్చింది, చివర్లో ఎడమకు గుంజి, బయట ఆగిపోయింది. గెలిచాము! సాబ్ ఏడ్చేశాడు. రెడ్డెప్పన్న బ్రష్షును రెండు చేతులా పైకెత్తాడు. నేను రీట్టాను చూశాను. ఆమె తన చేతిని చూసుకుంటోంది. తప్పు ఆ చేతిదే అనుకుంటోంది.

తొమ్మిదేళ్ళుగా నేను నా చేతిని అట్లాగే చూసుకున్నాను.

జువేరియాను పిలిచి, రాయిలో లోపం ఉంది, ఇంగ్లీషులో చెప్పు అన్నాను. రీట్టా ఆ రాయి దగ్గరకు వచ్చి నిమిరింది. ఆమె వేలు కూడా అక్కడే ఆగింది. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని, వేరే రాయితో మళ్ళీ వెయ్యాలన్నారు. రెడ్డెప్పన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రీట్టా వదిలింది. ఆమె జతగాడు రుద్దలేదు, పక్కన నడిచాడు అంతే. మా రాళ్ళు రెండింటి నడుమ వేలెడు సందు. అందులోంచి దూరి, మెల్లగా వంగి, మా రాయిని తాకకుండా దాటి, సరిగ్గా నడుమ నిలిచింది. మొదట చప్పట్లు కొట్టింది నేనే. ఓడిపోయామని గుర్తుకు రావడానికి కొంచెం టైం పట్టింది. చూస్తే రెడ్డెప్పన్న కూడా ఇటు తిరిగే ఉన్నాడు. ఆయన నోరు తెరుచుకునే ఉంది.

రైల్లో మాత్రం వేరే బోగీలో కూర్చున్నాడు.

16 మార్చి

రెడ్డెప్పన్న పనికి రాలేదు.

30 మార్చి, సోమవారం

వస్తున్నాడు. నాతో పలకడు. రాయి నా ముందు పెట్టి పోతాడు. అందరి ముందూ ఆయన పనితనానికి మచ్చ తెచ్చాను. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. మళ్ళీ అదే అయితే మళ్ళీ చెబుతాను. అదీ తెలుసు.

రీట్టా ఫోన్ చేసిందట. ఒక్క రాయి మార్చిస్తే చాలట. హైదరాబాదులో ఉన్న వాళ్ళ స్నేహితులకు ఇంకో పదహారు కావాలట. సాబ్ షెడ్డంతా వినబడేట్టు చెప్పాడు. రెడ్డెప్పన్న తల ఎత్తలేదు, మిషన్ ఆపలేదు.

3 మే, ఆదివారం. పుంగనూరు, మధ్యాహ్నం 3.30

పెదనాయన ఇంట్లో ఉన్నాను. వడగళ్ళ వాన. వాకిలంతా తెల్లగా అయిపోయింది.

ఫోన్ మోగింది. రెడ్డెప్పన్న. నలభై తొమ్మిది రోజుల తర్వాత. "మునీశ్వరీ, ఈడ మంచు పడతాండాది. ఆడ?"

పడుతోంది అన్నాను.

తర్వాత ఫోన్ ఎవరమూ పెట్టెయ్యలేదు. ఆ చివర వాన, ఈ చివర వాన, వింటూ ఉన్నాము.