గరిటె పట్టిన సైనికుడు

మరదలికి, మీ బావ ఆశీస్సులతో వ్రాయునది.

నేను మీ అక్క బొమ్మ చేస్తున్నానంటే, మొన్న ఫోనులో దానిని బొమ్మలాట అన్నావు. ఆట కాదు, పని. మీ అక్క పోయిన తరువాత నేను శ్రద్ధగా మొదలుపెట్టిన పని ఇదొక్కటే. బజారులోని ఆడబొమ్మలకు ఆమె భుజాలు లేవు. అందుచేత ఒక ప్లాస్టిక్ సైనికుడి బొమ్మను కొన్నాను. వేడినీటిలో ముంచి, కీళ్లు వదులుచేసి, తుపాకీ ఊడదీశాను. ఆ పిడికిట్లో గరిటె చక్కగా ఇమిడింది. ఆరితే గట్టిపడే జిగురుముద్దతో జుట్టుముడి, భుజాన తువ్వాలు అమర్చాను. ముఖమూ కొంత కుదిరింది.

నిలుచున్న తీరు మాత్రం ఇంకా సైనికుడిదే. ఫొటోలన్నిటిలోనూ ఆమె ఊపిరి బిగబట్టి కూర్చున్నది. నాకు కావలసినది వంటగది గుమ్మానికి ఒరిగి, "పేపర్లు దిద్దింది చాలు గానీ లేవండి మాస్టారూ! మీ తప్పులెక్కడికీ పారిపోవు, అన్నమే చల్లారిపోతోంది" అనే మనిషి.

అలా ఒరిగే తీరు మీ ఇంటిలో నీకొక్కదానికే వచ్చినది. ఆమె ఏ భుజం ఆనించేదో ఎంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు. బొమ్మ నడుము అతికించిన తరువాత మార్చలేను కనుక, ఆపి ఉంచాను. వీలు చూసుకొని వచ్చి, ఆ గుమ్మంలో నిలబడు. నేను చూడవలసినది చూసుకున్న తరువాత కూడా, వెంటనే కదలకు.

మీ బావ