ఫిజిక్స్ బల్ల దగ్గర

లెక్సింగ్టన్, శుక్రవారం

అమ్మా, నా కొట్టివేతలూ తప్పులూ చూసి నవ్వకు. ఇక్కడ కులాసా.

మీ అల్లుడు వెర్లిన్ పోయినసారి మూడు సైన్సులు ఒకేసారి నెత్తికెత్తుకుని కెమిస్ట్రీ తప్పబోయారు. మళ్ళీ మార్కులు తగ్గితే మెడికల్ కాలేజీలో సీటు రాదు. నిన్న కాలేజీ జిమ్‌లో కోర్సులకు పేర్లు రాసుకున్నారు, సబ్జెక్టుకో బల్ల. నేనూ వెంట వెళ్ళాను. కెమిస్ట్రీ, బయాలజీ అయ్యాక ఈయన ఫిజిక్స్ వరుసలోనూ నిలబడ్డారు. ఎక్కడి ధైర్యమో, అందరిముందూ అరిచేశాను.

"ఏమండీ, అది వచ్చే ఏడు! ఈ ఏడు కాస్త నిద్రపోండి!"

ఫిజిక్స్ ప్రొఫెసరు నవ్వారు. "మీ ఆవిడ మాట విను నాయనా. నేనూ ఫిజిక్సూ ఎక్కడికీ పోము."

ఈయన చెవులు ఎర్రబడ్డాయి గానీ, పక్కనున్న సంగీతం బల్లకు నడిచారు.

ఆవు ఈనిందా? ఆపిల్ జామ్‌లో దాల్చినచెక్క ఎంత వెయ్యాలి?

చదువు ఇంకో ఏడు సాగుతుందని మామగారికి ఈయనే చెప్తారట. మామగారు నీ దగ్గరికి కాఫీకి వచ్చేలోగా ఈ కార్డు పొయ్యిలో వేసెయ్యి.

నీ ఆర్డిత్